క్యూ ఎవరి చేతిలో ఉంది? చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్లకు బహిరంగ లేఖ

చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్లు నడుపుతున్న యజమానులకు, వాళ్ల దగ్గర రాత్రిళ్లు గ్రాఫులు చూస్తూ కూర్చునే ఇంజనీర్లకు,

నమస్కారం.

నేనూ మీలో ఒకణ్నే. కొన్ని వందల కనెక్షన్లున్న నెట్‌వర్క్‌ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నాను. రాత్రి ఎనిమిది దాటగానే ఫోన్ మోగడం మొదలవుతుంది. "నెట్ స్లోగా ఉందండీ" అని ఒకరు, "వీడియో ఆగి ఆగి వస్తోంది" అని ఇంకొకరు. గ్రాఫ్ తీసి చూస్తే మనకు బయటి ఇంటర్నెట్‌ని తెచ్చే లింక్ ఇంకా నిండలేదు. ఏం చెప్పాలో తోచక "రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటాం. ఆ మాట అవతలి మనిషి నమ్మలేదని మనకు తెలుస్తూనే ఉంటుంది. అయినా మర్నాడు మళ్లీ అదే మాట అంటాం.

ఈ లేఖ మన పరికరాల్లో డేటా ముక్కలు వంతు కోసం ఆగే వరస గురించి, అంటే క్యూ గురించి. నేను చాలాకాలం ఒక తప్పు చేశాను. చిన్న ప్రొవైడర్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లతో మాట్లాడినప్పుడల్లా వాళ్లూ అదే చేస్తున్నారని అర్థమవుతోంది. నెట్ స్లో అయిందనగానే ఎక్కువ వాడుతున్నది ఎవరో వెతికి, వాళ్ల స్పీడ్ కోసేయడమే ఆ తప్పు.

మా ఆఫీసులో నెలకోసారి ఒక కాగితం ప్రింట్ తీసేవాళ్లం. నెలంతా కలిపి ఎక్కువ డేటా వాడిన మొదటి పదిమంది పేర్లు అందులో ఉండేవి. దాన్ని బీరువా తలుపుకి అంటించేవాళ్లం. వరుసగా మూడు నెలలు ఆ జాబితాలో పైనే ఉన్న కస్టమర్ ఒకాయన ఉండేవాడు. మా లెక్కలో నెట్‌వర్క్ మొత్తాన్ని పీల్చేస్తున్నది ఆయనే. ఒక సాయంత్రం నేనే ఆయన లైన్‌ని 2 ఎంబీపీఎస్‌కి దించాను. ఆ రాత్రి కూడా ఫోన్లు అదే సమయానికి మోగాయి. అవే ఇళ్లు, అవే మాటలు. కొత్తగా వచ్చిన ఫోన్ ఒక్కటే, అది ఆయనది.

ఆయన వాడకాన్ని గంటల వారీగా అప్పుడు తీసి చూశాను. ముందే చూడాల్సింది. అర్ధరాత్రి రెండింటి నుంచి తెల్లవారుజాము ఐదు దాకా. మా లింక్‌లో మూడొంతులకు పైగా ఖాళీగా పడి ఉండే వేళ అది. ఆయనది వీడియోలు ఎడిట్ చేసే పని. పగలు చేసినదంతా రాత్రి అందరూ పడుకున్నాక పంపేవాడు. "సాయంత్రం పూట మీ నెట్ అందరికీ కావాలి కదండీ, అందుకే ఆ టైమ్ పెట్టుకున్నాను" అన్నాడు. మాకు సాయం చేస్తున్న మనిషినే పట్టుకుని శిక్షించాను. ఆ రోజే స్పీడ్ తిరిగి ఇచ్చేశాను గానీ, ఆయన గొంతులోని నొచ్చుకోలు మాత్రం నాకింకా గుర్తుంది.

నెల మొత్తం ఎన్ని జీబీలు వాడారన్న లెక్క మన సమస్య గురించి దాదాపు ఏమీ చెప్పదు. మన ఖర్చూ, మన కస్టమర్ల అవస్థా రెండూ పీక్ అవర్లోనే ఉంటాయి. అప్‌స్ట్రీమ్ బిల్లు, అంటే మనకు బ్యాండ్‌విడ్త్ అమ్మే పెద్ద ప్రొవైడర్ బిల్లు, 95వ పర్సెంటైల్ పద్ధతిలో కట్టేవాళ్లు ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. ఐదు నిమిషాలకు ఒకటి చొప్పున 30 రోజుల్లో 8,640 కొలతలు వస్తాయి. వాటిలో పై 5 శాతం, అంటే 432 కొలతలు పక్కన పెట్టేస్తారు. గంటల్లో చూస్తే 36 గంటలు. మిగిలినవాటిలో పెద్దదేదో దానికి బిల్లు పడుతుంది. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా రోజుకు నాలుగు గంటలు రద్దీ ఉందనుకుంటే నెలకు 120 గంటలు. బిల్లు అంకె ఆ 120 గంటల్లోనే తేలిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి ఎవరో తమ ప్లాన్ మేరకు ఎంత లాగినా ఆ అంకె కదలదు. ఇంత మాత్రం లెక్క వేసుకోకుండా నెలవారీ కోటా దాటగానే స్పీడ్ పడగొట్టే ఎఫ్‌యూపీ పెట్టి, రద్దీ తగ్గుతుందని ఎదురుచూస్తున్నాం. ఇరవయ్యో తారీఖున కోటా అయిపోయిన మనిషి అర్ధరాత్రి కూడా నత్తనడక నడుస్తాడు. మొదటి తారీఖున కోటా నిండుగా ఉన్న మనిషి రాత్రి తొమ్మిదింటికి ఎంతైనా లాగుతాడు. రద్దీ ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇక గ్రాఫ్ సంగతి. లింక్ నిండలేదని మనకు చెప్పేది ఐదు నిమిషాల సగటు. అందులో ఒక నిమిషం లింక్ నూటికి నూరు నిండి, మిగతా నాలుగు నిమిషాలు సగమే నడిచినా గ్రాఫ్‌లో కనిపించేది 60 శాతమే. ఆ ఒక్క నిమిషంలోనే కాల్ తెగిపోతుంది, ఆటలో మనిషి ఓడిపోతాడు, పరీక్ష రాస్తున్న పిల్ల స్క్రీన్ బిగుసుకుపోతుంది. మనమేమో 60 శాతం చూపించి, అంతా బాగానే ఉందంటాం.

అయితే లింక్ నిజంగానే ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొన్ని ఇళ్లలో నెట్ ఎందుకు చచ్చుబడిపోతుంది? దీనికి జవాబు నాకు ఆఫీసులో దొరకలేదు, ఒక కస్టమర్ ఇంట్లో దొరికింది.

ఒక పెద్దావిడ. దూరంగా ఉన్న కూతురితో రోజూ రాత్రి వీడియో కాల్ మాట్లాడేది. కాల్ మొదలైన కాసేపటికి మాట తెగిపోయేది, కూతురి ముఖం నిలిచిపోయేది. మూడుసార్లు కంప్లయింట్ ఇచ్చింది. మూడుసార్లూ మావాళ్లు వెళ్లి స్పీడ్ టెస్ట్ పెట్టి, ప్లాన్ ప్రకారం 20 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వస్తున్నాయని చూపించి, సంతకం పెట్టించుకుని వచ్చేశారు. నాలుగోసారి నేను వెళ్లాను. "ఆ అంకెలు నాకెందుకు బాబూ, అమ్మాయి మాట వినబడాలి గానీ" అంది.

లాప్‌టాప్‌ని ఆమె రూటర్‌కి కేబుల్‌తో కలిపి, మా నెట్‌వర్క్ ముఖద్వారమైన గేట్‌వేకి పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం పోయి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తూ, కూర్చున్నాను. 4 మిల్లీసెకన్లు. 5. 4. 4. ఏ లోపమూ కనిపించలేదు. వచ్చేద్దామని లేవబోతుండగా మనవడు ఇంట్లోకి వచ్చాడు. జేబులో ఉన్న ఫోన్ వైఫైకి తగులుకుంది. ఆ రోజు తీసిన ఫోటోలు, వీడియోలు బ్యాకప్ కావడం మొదలైంది. ఆ పిల్లాడు ఫోన్ బయటికి కూడా తీయలేదు. నా స్క్రీన్ మీద పింగ్ 60 అయింది. 300. 900. 1,400 దగ్గర ఆగింది. బ్యాకప్ అయిపోయేదాకా అక్కడే ఉండి, మళ్లీ 4కి దిగింది. ఇంతసేపట్లో ఒక్క ప్యాకెట్ కూడా, అంటే ఒక్క డేటా ముక్క కూడా, దారిలో రాలిపోలేదు. అసలు జబ్బు అదే. రాలిపోవాల్సిన ప్యాకెట్లు రాలిపోకుండా అన్నీ వరసగా క్యూలో నిలబడ్డాయి. ఆవిడ మాట మోసుకుపోయే చిన్న ప్యాకెట్ వందల ఫోటో ప్యాకెట్ల వెనక తన వంతు కోసం చూస్తూ ఉంది.

లెక్క చిన్నదే. క్యూలో 1,000 ప్యాకెట్లు పట్టేంత చోటుందనుకోండి. ఒక్కోటి 1,500 బైట్లు. మొత్తం 15 లక్షల బైట్లు, అంటే 1 కోటి 20 లక్షల బిట్లు. 10 ఎంబీపీఎస్ లైన్ మీద, అంటే సెకనుకు కోటి బిట్లు పోయే లైన్ మీద, ఈ క్యూ ఖాళీ కావడానికి 1.2 సెకన్లు పడుతుంది. 2 ఎంబీపీఎస్ లైన్ మీద 6 సెకన్లు. మాటల కాల్‌లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల జీ.114 సిఫారసు చెబుతుంది. మెమరీ చవకైంది కదా అని పరికరాలు తయారుచేసేవాళ్లు బఫర్లు, అంటే ప్యాకెట్లు ఆగే చోటు, పెంచుకుంటూ పోయారు. ప్యాకెట్ పోతే తప్పు, ఆగితే ఫర్వాలేదు అన్న అభిప్రాయం మనందరిలోనూ పాతుకుపోయింది. నిజానికి డేటా పంపే వేగాన్ని చూసుకునే టీసీపీ పద్ధతికి రద్దీ ఉందని ఎక్కువగా తెలిసేది ప్యాకెట్ పోయినప్పుడే. ఒక్కటీ పోనివ్వకుండా దాచుకుంటూ కూర్చుంటే, పంపేవాడికి కబురు అందక ఇంకా ఇంకా పంపుతూనే ఉంటాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ నేగెల్ 1985లోనే ఆర్‌ఎఫ్‌సీ 970లో రాశాడు (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతుల గురించి అంకెల వరుసలో వచ్చే పత్రాలు). బఫర్ అంతులేనంత పెద్దదైనా నెట్‌వర్క్ బాగుపడదని, ప్యాకెట్లు క్యూలోనే ఈడు మీరి పనికిరాకుండా పోతాయని చూపించాడు. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో క్యూ పెట్టి వంతులవారీగా పంపితే ఒకడి అత్యాశ ఇంకొకడి మీద పడదని దారి కూడా అప్పుడే చెప్పాడు. మరుసటి ఏడాది, 1986 అక్టోబర్లో, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య ఉన్న లింక్ సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. రెండింటి మధ్య దూరం నాలుగు వందల గజాలు. ఆ పతనాన్ని తవ్వి చూసిన వాన్ జేకబ్సన్ 1988లో చెప్పిన పద్ధతుల వల్లే టీసీపీ ఈ రోజుకీ నిలబడి ఉంది. 2010లో జిమ్ గెట్టిస్ తన ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు పంపుతూ పింగ్ సెకను దాటడం చూసి ఆరా తీశాడు. ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది ఆయనే. 2012లో క్యాథలీన్ నికల్స్, జేకబ్సన్ కలిసి కోడెల్ తెచ్చారు. క్యూ ఎంత పొడవుందన్నది అది పట్టించుకోదు. ఒక్కో ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్ల కిందికి దిగకుండా ఉంటే, ప్యాకెట్లను ఒక్కొక్కటిగా పారేయడం మొదలుపెడుతుంది. నేగెల్ చెప్పిన వంతుల పద్ధతినీ దీన్నీ కలిపితే ఎఫ్‌క్యూ-కోడెల్. ఇది 2012 నుంచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నెల్లో ఉంది, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వచ్చింది. దాని తర్వాతి అడుగైన కేక్ 2018లో 4.19 కెర్నెల్లో చేరింది. డేవ్ టాట్ లాంటివాళ్లు దీని కోసం ఏళ్లకు ఏళ్లు ధారపోశారు. 2025లో చనిపోయేదాకా ఆయన చిన్న ప్రొవైడర్ల వెంటపడి, ఇది పెట్టుకోండి, పెట్టుకోండి అని చెబుతూనే ఉన్నాడు. ఇదంతా ఉచితం. అయినా ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లేదాకా నేను దీన్ని మా నెట్‌వర్క్‌లో పెట్టలేదు. మీలో ఎంతమంది పెట్టారు?

ఇంజనీర్ మిత్రులకు కొన్ని సంగతులు వివరంగా చెప్పాలి.

క్యూ ఎక్కడ ఏర్పడుతుందో అక్కడే దాన్ని అదుపు చేయగలం. లైన్లో అన్నిటికన్నా ఇరుకైన చోటు మన చేతిలో లేని పెట్టెలో ఉంటే, మన షేపర్, అంటే ప్యాకెట్లు పోయే వేగానికి హద్దు పెట్టే ఏర్పాటు, ఎంత గొప్పదైనా దానికి పని ఉండదు. అందుకని షేపర్‌ని ఆ ఇరుకు కన్నా ఒక పిసరు తక్కువకు పెట్టాలి. అప్‌స్ట్రీమ్ 1,000 ఎంబీపీఎస్ అయితే 950కి. ఆ 50 పోతోందని యజమాని బాధపడతాడు, నాతోనూ వాదన జరిగింది. ఆ కాస్త వదులుకుంటేనే క్యూ అవతలివాడి పెట్టెలోంచి మన పెట్టెలోకి వస్తుంది. కస్టమర్ లైన్‌కీ ఇదే సూత్రం. ఆయన మోడెం 2 ఎంబీపీఎస్ దగ్గర కిక్కిరిసిపోతుంటే, ఆ ఇంటి రూటర్లోనే 1.9కి అప్‌లోడ్ షేపింగ్ పెట్టాలి. అప్‌లోడ్‌ని మనం ఎప్పుడూ చిన్నచూపు చూస్తాం. డౌన్‌లోడ్ అందినట్టు తిరిగి చెప్పే ఏసీకే ప్యాకెట్లు వెళ్లాల్సిందీ ఆ దారినే. అప్‌లోడ్ క్యూలో అవి ఇరుక్కుంటే 20 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది.

ఇంకోటి, చాలామంది షేపింగ్ అనుకుని పోలీసింగ్ పెడుతున్నారు. హద్దు దాటిన ప్యాకెట్‌ని అక్కడికక్కడే పారేసేది పోలీసింగ్. దానితో టీసీపీ ఒక్కసారిగా వెనక్కి తగ్గి, మళ్లీ మెల్లగా పుంజుకుని, మళ్లీ దెబ్బ తిని, గ్రాఫ్ రంపపు పళ్లలా తయారవుతుంది. కస్టమర్‌కి కొన్న స్పీడ్ ఎప్పుడూ పూర్తిగా అందదు. షేపింగ్ ప్యాకెట్‌ని కొద్దిసేపు ఆపి, సమంగా వదులుతుంది. ఆ ఆపడం ఎంతసేపన్నది కోడెల్ చూసుకుంటుంది. ఇవి రెండూ జోడుగా ఉండాలి. షేపర్ పెట్టి దాని కింద వెయ్యి ప్యాకెట్ల మామూలు క్యూ వదిలేస్తే, ఆ పెద్దావిడ జబ్బుని మనమే తయారుచేసి ఇంటింటికీ పంచినట్టు.

పంపకం రెండు అంచెల్లో జరగాలి. మొదట ఇంటికీ ఇంటికీ మధ్య, తర్వాత ఇంట్లో ఒక పనికీ ఇంకో పనికీ మధ్య. మామూలు క్యూలో ముప్ఫై కనెక్షన్లు తెరిచినవాడికి ముప్ఫై వాటాలు, ఒక్క కాల్ మాట్లాడుకునేవాడికి ఒక్క వాటా దక్కుతాయి. ఇంటింటికీ వేరే క్యూ ఉంటే ముప్ఫై తెరిచినా మూడొందలు తెరిచినా ఆ ఇంటి వాటా ఆ ఇంటిదే. ఇలా పెట్టాక ఎక్కువ వాడేవాడు ఎవరికీ అడ్డు కాడు. ఖాళీ ఉన్నప్పుడు తన ప్లాన్ నిండా వాడుకుంటాడు. పక్కింటివాళ్లు వచ్చినప్పుడు వాళ్ల వంతు వాళ్లకు దానంతటదే వెళ్లిపోతుంది. బీరువాకి అంటించిన జాబితాతో మేం చేయాలనుకున్నది ఇదే. ఆ పని ఎవరి పేరూ తెలియాల్సిన అవసరం లేకుండా జరిగిపోతుంది.

వైర్‌లెస్ సెక్టర్లు (టవర్ మీది ఒక్కో యాంటెన్నా, దాని కిందికి వచ్చే ఇళ్లు) నడిపేవాళ్ల కష్టం వేరు. సెక్టర్‌కి ఉన్న తాహతు సిగ్నల్‌ని బట్టి మారుతూ ఉంటుంది. బలహీనమైన సిగ్నల్ ఉన్న ఒక్క ఇల్లు ఎక్కువ ఎయిర్‌టైమ్, అంటే అందరూ పంచుకోవాల్సిన రేడియో సమయం, తినేస్తుంది. అప్‌స్ట్రీమ్ దగ్గర ఒక్క షేపర్ పెడితే సరిపోదు. అప్‌స్ట్రీమ్ కింద టవర్లు, టవర్ కింద సెక్టర్లు, సెక్టర్ కింద ఇళ్లు, ఇలా చెట్టులా కట్టాలి. సెక్టర్ హద్దుని రాత్రి తొమ్మిదింటికి అది నిజంగా ఎంత మోయగలదో కొలిచి పెట్టాలి. పరికరం డబ్బా మీద రాసిన అంకె పెడితే మొదటికే మోసం. ఈ చెట్టు పద్ధతిని కేక్‌తో కలిపి, ప్రొవైడర్ల కోసమే తయారైన లిబ్రెక్యూఓఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నెట్‌వర్క్ మధ్యలో ఒక బ్రిడ్జిలా కూర్చుని పనిచేస్తుంది. ఒక సర్వర్ ఉంటే చాలు, ప్రయత్నించి చూడండి.

పెట్టిన తర్వాత పనిచేస్తోందో లేదో తప్పక చూడండి. నేను షేపర్ పెట్టిన మొదటి రాత్రి ఏ మార్పూ లేదు. రూల్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కౌంటర్లు మాత్రం కదలడం లేదు. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక కనబడింది. సీపీయూ భారం తగ్గించడానికి ఎప్పుడో ఆన్ చేసిన ఫాస్ట్‌ట్రాక్ రూల్ ఒకటి ఫైర్‌వాల్లో పైన ఉంది. ఒకసారి కుదిరిన కనెక్షన్లన్నిటినీ అది క్యూల పక్కనుంచి తప్పించి పంపేస్తోంది. అది తీసేశాక సీపీయూ ఒక కోర్ నూటికి నూరు ఎక్కింది. దానికి పెద్ద రూటర్ కొనాల్సి వచ్చింది. షేపింగ్ ఉచితమే గానీ దానికి కావాల్సిన సీపీయూ ఉచితం కాదు. యజమానులు ఈ ఖర్చుకి ముందే సిద్ధపడి ఉండాలి.

ఇక యజమానులతో ఒక మాట. ఇది మీకు నచ్చకపోవచ్చు.

కస్టమర్ ఏం చూస్తున్నాడు, ఏ యాప్ వాడుతున్నాడు అని తొంగిచూసి దాన్ని బట్టి స్పీడ్ తగ్గించే పరికరాలు అమ్మేవాళ్లు మీ దగ్గరకు వస్తారు. వాళ్ల స్క్రీన్ మీద రంగురంగుల ముక్కల చక్రం ఉంటుంది. ఇంత శాతం వీడియో, ఇంత శాతం టోరెంట్ అని. దాన్ని కొనకండి. మొదటి కారణం, అది మన పని కాదు. ఉత్తరాలు పంచే మనిషి కవరు చింపి చూడకూడదు. రెండోది, ఇప్పుడు కవర్లన్నీ గట్టిగా అతికించే ఉంటున్నాయి. దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళుతోంది. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా వచ్చిన క్విక్ అనే డేటా పంపే పద్ధతి అయితే కనెక్షన్ వివరాలను కూడా చాలావరకు దాచేస్తుంది. ఆ పెట్టె ఊహించి చెబుతుంది, ఊహ తప్పినప్పుడు పిల్లల క్లాసుకో, డాక్టర్ కాల్‌కో కోత పడుతుంది. మూడోది, ఇది పెద్దవాళ్లు చేసి చేతులు కాల్చుకున్న పని. అమెరికాలో కామ్‌కాస్ట్ అనే పెద్ద ఇంటర్నెట్ కంపెనీ 2007లో, జనం ఫైళ్లు పంచుకునే బిట్‌టోరెంట్ కనెక్షన్ల మధ్యలోకి నకిలీ రీసెట్ ప్యాకెట్లు పంపి వాటిని తెంచుతోందని బయటపడింది. 2008లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తప్పుపట్టింది. ఆ అధికారం ఎఫ్‌సీసీకి లేదని 2010లో కోర్టు అన్నా, కంపెనీ అప్పటికే పద్ధతి మార్చుకుంది. ఏం వాడుతున్నారన్నది చూడకుండా, రద్దీ ఉన్న సమయంలో రద్దీ ఉన్న చోట మాత్రమే, అప్పటికి ఎక్కువ లాగుతున్నవాళ్లకు కాసేపు ప్రాధాన్యం తగ్గించే పద్ధతికి వచ్చింది. దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 6057లో అందరికీ వివరంగా రాసి పెట్టింది కూడా. అంత పెద్ద కంపెనీ అంత గొడవ పడి చేరుకున్న చోటికి మనం ఏ గొడవా లేకుండా ఈ రోజే చేరుకోవచ్చు.

స్పీడ్ టెస్ట్ సైట్లకు మాత్రం దారి వదిలి, మిగతావాటిని తొక్కిపెట్టే అలవాటు కూడా కొందరికి ఉంది. టెస్ట్ నడిచే పదిహేను సెకన్ల కోసం బర్స్ట్ (కాసేపు అదనపు స్పీడ్) పెట్టి, ఆ తర్వాత దించేసేవాళ్లూ ఉన్నారు. బర్స్ట్ తప్పని నేను అనను, పేజీ చటుక్కున తెరుచుకోవడానికి అది మంచిదే, ప్లాన్‌లో చెప్పి పెట్టినంత వరకు. టెస్ట్‌ని మోసం చేయడానికి పెట్టినది మాత్రం మోసమే. కస్టమర్ ఇంట్లో కూర్చుని ఆ అంకె చూపించే కుర్రాడికి అది అబద్ధమని తెలుసు. మీ మనుషుల చేత రోజూ అబద్ధం ఆడించకండి.

ప్లాన్లు అమ్మేటప్పుడు కూడా నిజం చెప్పవచ్చు. 300 ఇళ్లకు 50 ఎంబీపీఎస్ చొప్పున అమ్మితే 15,000 ఎంబీపీఎస్. మన దగ్గర ఉన్నది 1,000. అంటే 15 మంది ఒక వాటాని పంచుకుంటున్నారు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. అందరూ ఒకే సెకనులో నిండుగా వాడరు కాబట్టే ఇంటర్నెట్ ఇంత చవకగా ఇవ్వగలుగుతున్నాం. దీన్ని దాచి, "50 ఎంబీపీఎస్ అన్‌లిమిటెడ్" అని పెద్ద అక్షరాలతో రాసి, అడిగితే నీళ్లు నమలడమే తప్పు. రద్దీ వేళలో మీ ఇంటికి కనీసం ఇంత వస్తుంది, ఖాళీ ఉంటే ప్లాన్ నిండా వస్తుంది, అని ఒక్క వాక్యం బిల్లు మీద రాయండి. మేం రాశాం. దాని వల్ల కస్టమర్లు వెళ్లిపోతారని భయపడ్డాం. అలా జరగలేదు. "ఇప్పుడు ఎంత రావాలి?" అని అంకె అడిగి మాట్లాడేవాళ్లు పెరిగారు. వాళ్లతో మాట్లాడటం మాకు తేలికైంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే నా మాటల్ని సాకుగా వాడుకుంటారు. షేపింగ్ వల్ల లేని బ్యాండ్‌విడ్త్ పుట్టుకురాదు. రోజూ రాత్రి మీ గ్రాఫ్ పైభాగం రెండు మూడు గంటల పాటు బల్లపరుపుగా ఉంటే, అక్కడ క్యూల పని అయిపోయింది, లింక్ పెంచాల్సిందే. వంతులు ఎంత న్యాయంగా వేసినా వాటాకి వచ్చేది మరీ చిన్నదైతే న్యాయంగా పస్తులు పంచినట్టే. కుదిరితే ప్రొవైడర్లు కలిసే దగ్గర్లోని ఎక్స్‌ఛేంజ్‌లో పీరింగ్ (ఒకరితో ఒకరు నేరుగా డేటా ఇచ్చిపుచ్చుకోవడం) పెట్టుకోండి, పెద్ద వీడియో సంస్థలు తమ వీడియోలను మన దగ్గరే నిల్వ ఉంచేలా ప్రొవైడర్లకు ఇచ్చే క్యాషే సర్వర్లకు మీకు అర్హత ఉందేమో అడగండి. అప్పుడు అప్‌స్ట్రీమ్ మీద భారం దిగుతుంది. అలాగే కంప్లయింట్లలో చాలా వాటికి కారణం ఇంటి వైఫై. గోడ అవతల గదిలో కూర్చుని వాడుతున్న ఫోన్‌కి మన షేపర్ ఏమీ చేయలేదు. అది కూడా ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాల్సిన పని మనదే.

ఆ పెద్దావిడ ఇంటికి రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. రూటర్లో కేక్ ఉన్న ఫర్మ్‌వేర్ ఎక్కించి, అప్‌లోడ్‌ని 1.9కి కట్టాను. మనవడి ఫోన్ అడిగి తీసుకుని, బ్యాకప్ నేనే మొదలుపెట్టాను. పింగ్ 4 నుంచి 19కి వెళ్లి అక్కడే ఆడుతూ ఉంది. బ్యాకప్ కూడా దాదాపు ముందున్న వేగంతోనే నడిచింది. ఆవిడ అప్పటికే కాల్‌లో ఉంది, కూతురికి ఏదో చెప్పి నవ్వుతోంది. పని అయిందని చెప్పడానికి ఆ కాల్ మధ్యలో అడ్డుపడబుద్ధి కాలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.

మా బీరువా తలుపు మీద ఇప్పుడు కస్టమర్ల పేర్లు లేవు. రాత్రి తొమ్మిదింటికి, లైన్ లోడ్‌లో ఉండగా, ఏ సెక్టర్లో పింగ్ ఎంత ఉందో రాసిన కాగితం ఉంటుంది. 40 దాటినవాటి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత ఉంటుంది. మర్నాడు పొద్దున్న మొదట వెళ్లేది ఆ సెక్టర్‌కే. మీ దగ్గర పది పేర్ల జాబితా ఉంటే దయచేసి ఈ రోజు దించేయండి. రాత్రి తొమ్మిదింటికి ఏదో ఒక కస్టమర్ ఇంటికి లాప్‌టాప్‌తో వెళ్లి, ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి, పింగ్ ఎంతకు ఎక్కుతుందో చూసి, ఆ అంకెని ఆ ఖాళీలో రాసి అంటించండి.

ఇట్లు,
మీ తోటి నెట్‌వర్క్ ఇంజనీరు